ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఇంగ్లీషు రావద్దా?

మన పాలమూరు పిల్లలు ఇంటర్ ముగించుకొని పైచదువుకు పట్నం రైలెక్కితే ఎక్కువమంది దిగేది కాచిగూడలోనే. 1916లో నిజాం హయాంలో కట్టిన ఆ స్టేషనులో లోకల్ రైలు మారితే విద్యానగర్, జామియా ఉస్మానియా దాటగానే ఆర్ట్స్ కాలేజి స్టేషను వస్తుంది. గట్టిగా పావుగంట ప్రయాణం. కాని గద్వాల నుంచో, దేవరకద్ర నుంచో వచ్చిన పిల్లవాడు ఆ కాంపస్ తరగతిగదిలో చెప్పే ఇంగ్లీషు పాఠాన్ని అందుకోవడానికి ఒక్కొక్కసారి మూడేళ్ళ డిగ్రీ కాలం కూడా చాలడం లేదు. కొందరు సగంలోనే మూటాముల్లె సర్దుకొని వూరికి తిరిగి వస్తున్నారు.

బడిలో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చదివి, పాసై, సర్టిఫికెట్టు పుచ్చుకున్న పిల్లవాడికి ఈ అవస్థ ఎందుకు? వాడు మొద్దా? కానేకాదు. వీళ్ళలో లెక్కల్లో, సైన్సులో దిట్టలు చాలామంది వున్నారు. లోపం మనం ఇంగ్లీషు నేర్పే పద్ధతిలో వుంది. తరగతి చూసి పుస్తకం చేతికిస్తున్నాం గాని, పిల్లవాడు ఏ మెట్టు మీద నిలబడ్డాడో చూసి పాఠం చెప్పడం లేదు.

ఒకే పుస్తకం, మూడు రకాల పిల్లలు

మన మండలాల్లోని ఏ హైస్కూలుకైనా వెళ్ళి ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పీరియడులో కాసేపు కూర్చోండి. ఇద్దరు ముగ్గురు పాఠం చదివి అర్థం చెప్పగలరు. మరికొందరు పదాలు కూడబలుక్కొని చదువుతారు గాని, సారు తెలుగులో చెపితే తప్ప అర్థం తెలియదు. వెనక బెంచీల్లో కూర్చున్న కొందరికి అక్షరాలు వచ్చు, మాటలు రావు. ఈ ముగ్గురి చేతుల్లోనూ వున్న పుస్తకం ఒక్కటే. ముగ్గురూ రాయవలసిన పరీక్ష కూడా ఒక్కటే.

ఇక పంతులు ఏం చేస్తాడు? పాఠం చదివి, తెలుగులో అర్థం చెప్పి, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాస్తాడు. పిల్లలు నోట్సులో దించుకొని కంఠతా పడతారు. ముందున్న వాడికి ఇది చాలా తేలిక, వెనకున్న వాడికి అందని ద్రాక్ష. మధ్యవాడికి గైడే గతి. పరీక్ష నాటికి ఎవరి తంటాలు వారు పడి 35 మార్కులు గట్టెక్కుతారు. ఏడాది గడిచి తరగతి మారుతుంది. వెనక బెంచీ పిల్లవాడి ఇంగ్లీషు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ వెనక్కు ఆపరాదన్నది. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల విషయం ప్రభుత్వాల ఇష్టానికి వదిలారు. పిల్లవాణ్ణి ఫెయిల్ చేసి అవమానించకపోవడం మంచి పనే. అయితే పైతరగతికి పంపిన పిల్లవాడికి కిందతరగతిలో మిగిలిపోయిన పాఠం ఎవరు, ఏ పీరియడులో చెప్పాలి? టైంటేబులులో దానికి చోటు లేదు.

మన బడి రికార్డుల్లో ఇంగ్లీషుకు వున్న పేరు "మూడవ భాష". తెలుగు మొదటిది, హిందీ రెండవది, ఇంగ్లీషు మూడవది. పేరుకు మూడవదే గాని, ఇంటర్ దాటేసరికి అదే మొదటి భాష అయి కూర్చుంటున్నది. డిగ్రీ పుస్తకం, ఉద్యోగపు ఇంటర్వ్యూ అన్నీ అందులోనే. బడిలో దాన్ని మూడవదిగా నేర్పి, బడి దాటగానే మొదటిదిగా అడగడం ఏ పాటి న్యాయం?

మాధ్యమం వేరు, మెట్టు వేరు

ఈ బాధకు మందు ఇంగ్లీషు మీడియమేనని కొన్నేళ్ళుగా ప్రభుత్వాలు, తల్లిదండ్రులు కలిసి నిర్ణయించుకున్నారు. వుమ్మడి రాష్ట్రంలో 2008లో సక్సెస్ స్కూళ్ళ పేరిట వేలాది హైస్కూళ్ళలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచారు. 2013లో మోడల్ స్కూళ్ళు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వ బడులన్నింటిలో ఇంగ్లీషు మీడియం పెడుతూ జీవో ఇస్తే 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు అచ్చువేసి ఇవ్వడం అందులో జరిగిన తెలివైన పని.

తల్లిదండ్రుల ఆరాటాన్ని తప్పుపట్టలేం. కూలి డబ్బులు కూడబెట్టి, అవసరమైతే మేకను అమ్మి, పిల్లవాణ్ణి పసుపు బస్సు ఎక్కిస్తున్న తల్లికి తన బతుకు తన బిడ్డకు రాకూడదన్న పట్టుదల తప్ప మరొకటి లేదు. దొరల పిల్లలకు ఇంగ్లీషు, మన పిల్లలకు తెలుగా అని ఆమె అడిగితే జవాబు చెప్పగలవారు ఎవరు?

కాని ఒక విషయం విడమరిచి చెప్పుకోవాలి. మీడియం అంటే సైన్సు, సోషల్ పుస్తకాలు ఏ భాషలో వున్నాయనేది. మెట్టు అంటే ఆ భాషలో పిల్లవాడు ఏం చేయగలడనేది. మనం మీడియం కొనుక్కొని మెట్టు కొనుక్కున్నామని భ్రమపడుతున్నాం. పదో తరగతిలో తెలుగు మీడియం వాడికీ, ఇంగ్లీషు మీడియం వాడికీ ఇంగ్లీషు వాచకం ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే. ఇంగ్లీషు మీడియం వాడు అదనంగా చదివేది సైన్సు, లెక్కలు, సోషల్ ఇంగ్లీషులో. ఆ పుస్తకాలు అర్థం చేసుకొనే శక్తి లేకపోతే వాటిని కూడా బట్టీ పడతాడు. అప్పుడు ఇంగ్లీషు రాకపోగా సైన్సు కూడా చేజారిపోతుంది. చదవేస్తే వున్న మతి పోయిందంటే ఇదే మరి.

ఇది సర్కారు బడి ఒక్కదాని జబ్బు కూడా కాదు. ఫీజు కట్టించుకొనే బడిలో చదివే పిల్లవాడి చేతికి పాఠంలో లేని పేజీ ఒకటి ఇచ్చి చదివి చెప్పమనండి. నిజం తెలిసిపోతుంది.

పట్నం కాంపస్ నేర్పే పాఠం

మీడియం, మెట్టు వేర్వేరు అన్న సంగతిని మనకు దగ్గరలోనే ఒకసారి చేసి చూపించారు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రాలన్నీ ఉర్దూలో చెప్పింది. ఇంగ్లీషును మాత్రం విడువలేదు. ప్రతి విద్యార్థీ ఒక భాషగా దాన్ని చదివి తీరవలసిందేనన్నది. తెలుగు పిల్లలకు ఉర్దూ కూడా పరాయి భాషే కదా అన్న ఆక్షేపణ సబబే. అయినా శాస్త్రం నేర్చుకోవడం ఒక పని, ఇంగ్లీషు నేర్చుకోవడం ఇంకొక పని అని గుర్తించి రెండింటికీ వేరువేరుగా ఏర్పాటు చేసిన మాట కాదనలేనిది. 1948 తరువాత అక్కడ బోధన ఇంగ్లీషులోకి మారింది.

అదే ఆవరణలో తార్నాక వైపున 1958లో కేంద్ర ప్రభుత్వం ఇంగ్లీషు బోధనకోసమే ఒక సంస్థ నెలకొల్పింది. ఇంగ్లీషు చెప్పే పంతుళ్ళకు తర్ఫీదు ఇవ్వడం దాని మొదటి పని. 1972లో విదేశీ భాషలు కూడా చేరి అది సీఫెల్ అయింది. 2007 నుంచి ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా నడుస్తున్నది. దేశమంతటి నుంచి ఇంగ్లీషు పంతుళ్ళు వచ్చి నేర్చుకొని వెళ్ళిన చోటు మన రైలు దారిలోనే వున్నది. ఆ విద్య మాత్రం మన హైస్కూళ్ళ దాకా దిగి రావలసినంతగా రాలేదు.

ఇంగ్లీషును మెట్లుగా నేర్పాలన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే విద్యావేత్త, పిల్లలకు ముందుగా ఏ మాటలు నేర్పాలో లెక్కకట్టి సుమారు 2000 మాటల పట్టికను 1953లో ప్రచురించాడు. ఆ రెండు వేల మాటలు చేతికి వస్తే మామూలు పుస్తకంలో చాలా భాగం అర్థమవుతుంది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఆచార్యుడు బెంగుళూరు కేంద్రంగా దక్షిణాదిలోని మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపాడు. వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించకుండా, రైలు టైంటేబులు చూసి ఏ బండి ఎప్పుడు చేరుతుందో చెప్పమనడం, పటం చూసి దారి చెప్పమనడం వంటి పనుల ద్వారా ఇంగ్లీషు నేర్పించాడు. పని పిల్లవాడి శక్తికి కాస్త మించి వుండాలి, మరీ మించరాదు. అదే అందులోని కీలకం. కాచిగూడ రైళ్ళ టైంటేబులు చాలు, మన పిల్లలకు ఒక వారం పాఠం అవుతుంది.

మెట్టు గోడ కారాదు

మెట్లు అనగానే ఒక ప్రమాదం కూడా పొంచి వుంది. దాన్ని పరదేశాల అనుభవం నుంచి తెలుసుకోవాలి.

అమెరికాలో వున్న మన తెలుగువారు ఫోనులో "మా వాడు ఆనర్స్ ఇంగ్లీషులో వున్నాడు" అని చెప్పడం వినే వుంటారు. అక్కడి హైస్కూళ్ళలో ఒకే తరగతికి ఇంగ్లీషు కోర్సులు పలు రకాలు. మామూలు కోర్సు, దానిపైన ఆనర్స్, ఆ పైన ఏపీ. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ అనుకొనేరు! అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని, కాలేజి స్థాయి పాఠాన్ని హైస్కూల్లోనే చదివే కోర్సు. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకొనే పిల్లలకు మళ్ళీ వేరే పాఠాలు. శక్తికి తగిన పాఠం దొరకడం ఇందులోని మంచి. పేదల పిల్లలు ఎక్కువగా కింది కోర్సుల్లోనే మిగిలిపోతున్నారన్న విమర్శ అక్కడ ఏనాటి నుంచో వుంది.

ఇంగ్లండులో ఇది మరీ ముదిరింది. 1951లో పెట్టిన ఓ లెవెల్ పరీక్ష చురుకైన వారికి. మిగిలిన వారికోసం 1965లో సీఎస్ఈ అనే మరో పరీక్ష పెట్టారు. రెండవ సర్టిఫికెట్టు తెచ్చుకున్న వాణ్ణి లోకం చిన్నచూపు చూసింది. చివరకు రెండింటినీ కలిపి జీసీఎస్ఈ అనే ఒకే పరీక్ష చేశారు. అది మొదటిసారి జరిగింది 1988లో.

సింగపూరు కథ మనకు మరింత పనికివస్తుంది. అక్కడ పిల్లలను ఎక్స్‌ప్రెస్, నార్మల్ అని తరగతులుగా విడదీసి, ఒకసారి నార్మల్‌లో పడిన వాడికి ఆ ముద్ర చెరగకుండా చేశారు. ఏళ్ళ తరువాత తప్పు తెలుసుకొని, 2024లో హైస్కూలులో చేరిన పిల్లల నుంచి ఆ విభజన ఎత్తివేశారు. ఇప్పుడు పిల్లలంతా కలిసే వుంటారు. ఒక్కొక్క సబ్జెక్టుకు మాత్రం జీ1, జీ2, జీ3 అని మూడు మెట్లు. లెక్కల్లో మూడో మెట్టు మీద వున్న పిల్లవాడు ఇంగ్లీషులో రెండో మెట్టు మీద వుండవచ్చు. పట్టు చిక్కితే పైకి ఎక్కవచ్చు.

నీతి స్పష్టం. మెట్టు పాఠానికి వుండాలి, పిల్లవాడి నుదుటికి వుండరాదు.

మదనపల్లె నిచ్చెన

సింగపూరు దాకా పోనక్కరలేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఏకోపాధ్యాయ బడుల్లో ఈ సమస్యకు చక్కని వుపాయం కనిపెట్టారు. ఒకే పంతులు, ఒకే గది, నాలుగైదు తరగతుల పిల్లలు. అందరికీ ఒకే పాఠం ఎలా చెప్పడం? వాళ్ళు పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ గీశారు. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద వున్నాడో తానే చూసుకొంటాడు. ఆ మెట్టు కార్డు తీసుకొని పని చేస్తాడు. అది వస్తే తరువాతి మెట్టు. పక్కవాడు ముందున్నాడన్న చిన్నతనం లేదు, తరగతి ఫెయిలన్న భయం లేదు. ఈ పద్ధతి చూసి 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, తరువాత తమిళనాడు అంతటా ప్రాథమిక బడుల్లో అమలుచేశారు. తెలుగు పల్లెలో పుట్టిన నిచ్చెన పొరుగు రాష్ట్రమంతా ఎక్కింది. ఇంటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు మనమే దాన్ని పట్టించుకోలేదు.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా పల్లెల్లో ఇదే దారి పట్టింది. రోజుకు ఒకటి రెండు గంటలు తరగతి మాట పక్కనపెట్టి, చదవగలిగే శక్తిని బట్టి పిల్లలను గుంపులు చేసి పాఠం చెప్పడం. తెలంగాణలో 2022లో ప్రాథమిక తరగతులకు మొదలుపెట్టిన తొలిమెట్టు కార్యక్రమం కూడా పునాది గట్టిచేయాలన్న వుద్దేశంతో వచ్చిందే. కాబట్టి దారి తెలియక కాదు. హైస్కూలు ఇంగ్లీషులో ఆ దారి నడవాలన్న సంకల్పమే కొరవడింది.

చేయవలసినది ఏమిటి?

మొదటిది, జూన్‌లో బడి తెరవగానే ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలందరినీ ఒక్కొక్కరుగా పది నిమిషాలు పరీక్షించాలి. పాఠంలో లేని ఒక చిన్న పేజీ చదివించాలి. నాలుగు వాక్యాలు రాయించాలి. రెండు ప్రశ్నలు అడిగి జవాబు చెప్పించాలి. ఈ పరీక్షకు మార్కులు వద్దు, ర్యాంకులు వద్దు. ఏ మెట్టో తెలిస్తే చాలు.

రెండవది, రోజుకు ఒక్క పీరియడు మెట్టు ప్రకారం నడవాలి. మిగిలిన పీరియడులన్నీ ఎవరి తరగతిలో వారే. ఇంగ్లీషు పంతుళ్ళు ఇద్దరు ముగ్గురున్న బడిలో ఆ పీరియడు అన్ని తరగతులకూ ఒకే వేళ పెట్టి పిల్లలను కలపవచ్చు. ఒక్కరే వున్న బడిలో తరగతిలోనే మూడు గుంపులు చేసి, నిచ్చెన కార్డులతో పని నడిపించవచ్చు. మూడు నెలలకోసారి మళ్ళీ చూసి పైమెట్టుకు పంపాలి.

మూడవది, కార్డులు, చిన్న కథల పుస్తకాలు ప్రభుత్వమే అచ్చువేసి ఇవ్వాలి. తార్నాకలోని భాషా విశ్వవిద్యాలయం వారిని పిలిచి మన జిల్లా పంతుళ్ళకు వేసవిలో తర్ఫీదు ఇప్పించాలి. సంతలో బేరం, పత్తి ధర, బస్సు టికెట్టు, ఆసుపత్రి చీటీ, ఇవన్నీ పాఠాలు కావాలి.

నాలుగవది, పదో తరగతి రాతపరీక్ష కళ్ళకు, చేతికి మాత్రమే పరీక్ష. చెవికి, నోటికి లేదు. తెలంగాణలో 2023-24 నుంచి ఇంటర్ ఇంగ్లీషుకు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు. ఇది హైస్కూలు నుంచే మొదలుకావాలి. అడగని దాన్ని ఎవరూ నేర్పరు.

ఇంకొక మాట. తెలుగు సరిగా చదవలేని పిల్లవాడికి ఇంగ్లీషు ఎక్కదు. అమ్మ భాషలో అక్షరం కూడినవాడికి పరాయి భాషలో కూడబలుక్కోవడం తేలిక. కాబట్టి తెలుగు పీరియడు కోసి ఇంగ్లీషుకు ఇవ్వడం వేరు నరికి కొమ్మకు నీళ్ళు పోయడమే.

కాదనేవారికి

పంతుళ్ళు చాలరు, ఇదంతా ఎలా సాధ్యమని కొందరంటారు. పంతుళ్ళ కొరత నిజమే, ఖాళీలు నింపవలసిందే. కాని నలభైమందిలో పదిమందికి మాత్రమే అర్థమయ్యే పాఠం చెప్పడం పంతులు శ్రమను కూడా వృథా చేయడమే కదా. గుంపులు చేస్తే పిల్లలు చిన్నబోతారని మరికొందరంటారు. ఆరేళ్ళుగా వెనక బెంచీలో ఏమీ అర్థంకాక కూర్చున్నవాడు ఇప్పటికే చిన్నబోయి వున్నాడు. ఒక మెట్టు ఎక్కిన రోజున వాడి ముఖం వెలుగుతుంది. సిలబస్ పూర్తికాదని ఇంకొందరంటారు. పంతులు పూర్తిచేసిన సిలబస్ పిల్లవాడి బుర్రలో పూర్తికాకపోతే ఆ పూర్తికి అర్థమేమిటి?

తల్లిదండ్రులారా! బడి కమిటీ సమావేశానికి పిలిస్తే వెళ్ళండి. సున్నం, ప్రహరీగోడ, వంటగది గురించి అడగండి, తప్పులేదు. వాటితోపాటు, మా బిడ్డ చూడని పేజీని చదవగలుగుతున్నదా, పోయిన మూడు నెలల్లో ఎంత ముందుకు వచ్చింది, రాకపోతే ఏం చేయబోతున్నారు అని మూడు ప్రశ్నలు అడగండి. మీకు ఇంగ్లీషు రాదని వెనకాడనక్కరలేదు. బిడ్డ తడబడకుండా చదువుతున్నదా లేదా, చదివినదాన్ని తెలుగులో మీకు చెప్పగలుగుతున్నదా లేదా అన్నది తెలియడానికి ఇంగ్లీషు రానక్కరలేదు. సర్కారు బడిలోనైనా, ఫీజు కట్టే బడిలోనైనా ఇదే పరీక్ష.

మా వాడు ఏ మీడియం అని అడగడం చాలాకాలం అయింది. ఇకమీదట ఏ మెట్టు మీద వున్నాడని అడుగుదాం.